బండల వాకిట్లో ఆలుగడ్డలు

పోయిన నెల మా మరిది కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి వనపర్తి నుంచి గద్వాల పోయాను. కొనడమంతా అయిపోయి, సంచులు మోసుకుంటూ బస్సు కోసం నిలబడి ఉంటే, నల్ల బురఖా వేసుకున్న ఒకావిడ నా ముందుకొచ్చి ముఖంలోకి తేరిపార చూసింది. "నువ్వు ఈరమ్మవ్వ మనవరాలివి గదా? పద్మవి గదా?" అంది. గొంతు వినగానే పట్టుకున్నాను. రజియా. మేం అద్దెకున్న ఇంటి యజమాని బీబమ్మ కూతురు, బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల. ఇద్దరం బస్టాండులోనే చేతులు పట్టుకుని నవ్వుకున్నాం. పిల్లలెందరు, మోకాళ్ళెట్లున్నాయి అన్న మాటలకంటే ముందు ఆమె అడిగింది ఒకటే: "మీ అవ్వ ఆలుగడ్డలు యాదికున్నయా?" అంతలో నా బస్సు వచ్చింది. వనపర్తి చేరేదాకా కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటూ ఉన్నాను. పక్క సీటు ఆమె నన్ను రెండు మూడు సార్లు అనుమానంగా చూసింది కూడా.

అవ్వ అంటే మా నాయన తల్లి. నది మీద ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊళ్ళలో మాదొకటి. నాయన అంతకు చాలా ముందే గద్వాలలో బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాడు కాబట్టి నేను పుట్టింది, పెరిగింది అక్కడే. ఊళ్ళో పొలం చూసుకుంటూ ఉన్నది అవ్వ ఒక్కతే. పల్లి, జొన్న, కంది పండించేది. నీళ్ళొస్తాయని చెప్పినా నమ్మలేదట. "నీళ్ళు రాక సస్తుంటిమి, ఇప్పుడు నీళ్ళొచ్చి మునుగుతమా?" అని నవ్విందట. ఆఖరికి నాయన ఎడ్లబండి కట్టించుకుని పోయి తీసుకొచ్చాడు. ఒక ఇసుర్రాయి, ఒక జొన్నల మూట, చేటలు, కొడవలి, వాటి మధ్య మూతి ముడుచుకుని కూర్చున్న అవ్వ. బండి మా సందులోకి రాగానే మగ్గాల చప్పుడు వింది. సందు పొడుగునా నేతగాళ్ళ ఇళ్ళే. "గీ టకటకల మనుషులకు నిద్రెట్ల పడ్తదిరా?" అన్నది ఆమె గద్వాల గురించి పలికిన మొదటి మాట.

మేమున్నది బీబమ్మ ఇంట్లో వెనక భాగం. ముందు గదుల్లో ఆమె, రజియా. మధ్యలో అందరికీ కలిపి ఒక వాకిలి. ఆ వాకిట్లో మట్టన్నదే లేదు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బండలు పరిచి ఉండేవి. చనిపోయిన భర్త స్వయంగా దగ్గరుండి పరిపించిన బండలని బీబమ్మకు వాటిమీద ప్రాణం. తెల్లారగానే బొక్కెన నీళ్ళు గుమ్మరించి కొబ్బరి పీచుతో రుద్దేది. తడి బండల వాసన, ఆమె ముందు గదిలోంచి అత్తరు వాసన, మా అమ్మ పొయ్యి మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన, సందు చివర నూలుకు రంగులేసే కాగుల నుంచి వచ్చే ఘాటు. ఇవన్నీ కలిసిన గాలిలోనే మేం పళ్ళు తోముకునేవాళ్ళం. నాకిప్పటికీ పొద్దుటి వాసనంటే అదే.

అవ్వకు మాత్రం ఆ ఇల్లు మింగుడు పడలేదు. చీకటితోనే లేచేది. లేచి ఏం చేయాలి? పశువులు లేవు, పేడ ఎత్తేది లేదు, చేనికి పోయేది లేదు. గడప మీద కూర్చుని బండల వంక చూస్తుండేది. తినమంటే తినేది, లేకపోతే లేదు. అమ్మ తలకు నూనె రాస్తానన్నా వద్దనేది. నాయన దుకాణం నుంచి వస్తూ జిలేబీ తెచ్చాడు, కోటలో గుడికి తీసుకుపోయాడు, ఒకసారి సినిమాకు కూడా. అవ్వ సగంలోనే నిద్రపోయింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"ఒరేయ్ నాయనా, నేను అయిజకు మా చెల్లె కాడికి పోత. వాళ్ళకు చేనుంది. కలుపు తీసుకుంటనన్న బతుకుత."

"ఈ వయసుల కూలికి పోతవా అమ్మా? నేను సచ్చిన్ననుకున్నవా?" అన్నాడు నాయన. ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నీ మీద కోపం కాదురా. కాలు కింద మన్ను తగుల్తలేదు. నాకు గాలాడ్తలేదు." 

వానలు పడి దారులు ఆరినాక పంపిస్తానని నాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ, ఆ రోజుల్లో ఆయన దుకాణం నుంచి ఇంటికొచ్చేటప్పుడు సందు మొదట్లో కాసేపు ఆగి వచ్చేవాడని అమ్మ చెప్పేది.

అటువంటప్పుడు మా ఇంటి మెట్ల కింద గంపలో ఆలుగడ్డలు మొలకెత్తాయి. అమ్మ ఎప్పుడో సంతలో కొని మరిచిపోయింది. ముడతలు పడి, తెల్లటి మొలకలు వేలెడంత పొడుగు సాగి ఉన్నాయి. పారేయబోతుంటే అవ్వ చెయ్యి పట్టుకుంది. ఒకటి అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఆమె జన్మలో ఆలుగడ్డ పండించలేదు. మా మెట్టపొలాల వైపు ఎవరూ వేయరు. తినడానికి కూడా పెద్దగా ఇష్టపడేది కాదు, వాతం చేస్తుందని.

"మన్ను లేదు, నీళ్ళు లేవు, ఎండ లేదు. ఎట్ల మొలిసెనే ఇది?" అంది.

"దాని గుణమంతేనేమో అత్తా" అంది అమ్మ.

ఆ సాయంత్రమే అవ్వ నన్ను వెంటబెట్టుకుని చెరువు వైపు నడిచింది. గద్వాలకొచ్చాక ఆమె తానంతట తాను గడప దాటడం అదే మొదలు. తట్టెడు చెరువు మన్ను నెత్తిన పెట్టుకుని వచ్చి, నూనె అయిపోయిన రేకు డబ్బా నింపి, మొలకలు పైకొచ్చేలా గడ్డలు పాతింది. పాతిన చేతులు చాలాసేపు కడుక్కోలేదు.

తెల్లారి బీబమ్మ చూసింది. పెద్ద గొడవే. "ఏందక్కా ఇది, ఇల్లా చేనా? మా ఆయన పరిపించిన బండలు! మన్ను మరకలు పడితే పోతయా? నువ్వు పెద్దదానివని ఊకుంటున్న. ఇంకొకరైతే ఇయ్యాల్నే ఇల్లు ఖాళీ చెయ్యమందును." అవ్వ ఒక పాత పలక తెచ్చి డబ్బా కింద పెట్టింది. "ఇగ పడదు. ఒక్క రవ్వ పడ్డా నా కొంగుతోని తుడుస్త" అంది. బీబమ్మ దడాల్న తలుపేసుకుని లోపలికి పోయింది.

వానలు పట్టాయి. ఆ ముసురు రోజుల్లో ఇంట్లో కంపు మొదలైంది. మామూలు కంపు కాదు. అమ్మ అటకంతా దించి వెతికింది. ఎలుక చచ్చిందని అందరి నమ్మకం. బీబమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, కర్రతో మా బియ్యం బస్తాల వెనక, తన పెట్టెల కింద పొడిచి పొడిచి చూసింది. రజియా, నేనూ ఒకరినొకరు తోసుకుంటూ ఆమె వెనకే. చివరికి ఆ కంపు వెంట ముక్కు పట్టుకుని పోయి పోయి డబ్బా దగ్గర ఆగింది బీబమ్మ. కర్రతో పొడిచేసరికి నల్లటి నీళ్ళు బుడగలు లేచాయి. రేకు డబ్బాకు అడుగున చిల్లు పెట్టాలని ఎవరికీ తోచలేదు. వాననీళ్ళన్నీ నిలిచి గడ్డలు కుళ్ళిపోయాయి.

"ఎలుక కాదక్కా" అని కేక పెట్టింది బీబమ్మ ముక్కు మూసుకునే, "నీ పంట సచ్చింది!"

ముందు నవ్వింది అవ్వ. కడుపు పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మునిగి సచ్చెనే, మా ఊరి లెక్కనే మునిగి సచ్చె!" అంది. ఆ నవ్వు విని అమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. అవ్వ మా ఇంటికొచ్చాక నవ్వడం మేం చూడలేదు మరి.

దారులు ఆరాయి. అవ్వ అయిజ మాట ఎత్తలేదు. నాయన గుర్తు చేయలేదు. ఎండలు మొదలయ్యే వేళకు మేకుతో చిల్లులు పొడిచిన డబ్బాలు రెండు వాకిట్లోకి వచ్చాయి. ఈసారి ఆమె తెలివంతా వాడింది, కొంచెం ఎక్కువే వాడింది. పెంట ఎరువు దండిగా వేసింది. చెట్లు ఏపుగా లేచాయి. ముదురాకుపచ్చ ఆకులు, వాటి మీద ఊదారంగు పూలు. పూలు చూసి అవ్వ ఆశ్చర్యపోయింది. "ఓ పద్మీ, ఇది వంకాయ చుట్టమే! పువ్వు చూడు." సందులో నేతగాళ్ళ ఆడవాళ్ళు మగ్గాలు దిగి వచ్చి చూసిపోయారు. బీబమ్మ మాత్రం ఎడమొహం పెట్టుకుని బండలు కడుక్కునేది. కడుగుతూ కడుగుతూ డబ్బాల దగ్గరికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించేది, నేను చూశాను.

తీరా డబ్బా బోర్లిస్తే ఏముంది? వేళ్ళు, వేళ్ళకు మేకపెంటికలంత గడ్డలు. అవ్వ వాటిని చేటలో పోసుకుని అట్లాగే కూర్చుంది. ఎగతాళి చేయడానికే వచ్చింది బీబమ్మ, నాకు ఆమె ముఖంలో తెలిసిపోయింది. కానీ ఆ చేట చూసి లోపలికి పోయి చాయ్ తెచ్చింది. పక్కన బండ మీదే కూలబడింది.

"పరేషాన్ గాకు అక్కా. ఉడుకకాలం ఏస్తే గట్లనే అయితది. దీనికి చలి వడాలె. మా పుట్టింటికాడ చలికాలం వేస్తరు."

"నీ పుట్టిల్లు యాడ?"

"జహీరాబాద్ పక్కకు. మా అన్నలది అంతా ఆలుగడ్డ చేనే. చిన్నప్పుడు గడ్డలు ఏరి ఏరి నా నడుం వంగిపోయింది."

అవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "నీయవ్వ! ఈ మాట మొదాల చెప్పొద్దా?"

"నువ్వు అడిగితివా?" అంది బీబమ్మ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత మా వాకిట్లో జరిగినదంతా ఆ ఇద్దరిదే.

బీబమ్మకు చేను తెలుసు, డబ్బా తెలియదు. అవ్వకు మన్ను తెలుసు, ఆలుగడ్డ తెలియదు. పొద్దున లేస్తే వాదనలే. గడ్డను కన్ను కన్నుకూ కోసి, కోసిన చోట బూడిద అద్దాలని బీబమ్మ. కోస్తే మళ్ళీ కుళ్ళుతుందని అవ్వ. పెంట తక్కువ వేయాలని ఆమె. తక్కువ వేస్తే ఆకలికి చస్తుందని ఈమె. మన్ను గట్టిపడకుండా ఏం కలపాలన్న దగ్గర మాత్రం అవ్వ మాటే నెగ్గింది. పల్లి మిల్లు నుంచి పొట్టు తెచ్చి కలిపింది. గుప్పిట్లో పట్టి వదిలితే పొడిపొడిగా రాలాలి, అంతే. రేకు డబ్బా ఎండకు కాలుతుందని, గోనెసంచి అయితే గాలి తగులుతుందని తేల్చారు. గోనెసంచి అంచును అడుగుదాకా మడిచి, కొంచెమే మన్ను పోసి గడ్డలు పెట్టారు. మొక్క లేస్తున్నకొద్దీ అంచు ఒక మడత పైకి లేపి, కాండం చుట్టూ మళ్ళీ మన్ను పోయాలి. "పిల్ల ఎదిగినకొద్ది లంగాకు మడత ఇప్పుతం సూడు, గట్లన్నమాట" అని అవ్వ నాకు చెప్పింది. అప్పుడు నేను వేసుకున్న లంగా కూడా కింద మడత విప్పినదే. పాత రంగూ కొత్త రంగూ గీత కొట్టినట్టు కనిపించేది.

పొద్దుటి ఎండ బాగా పడేది బీబమ్మ గది ముందర. సంచులను ఎత్తి అక్కడ పెట్టింది బీబమ్మే. అమ్మా, నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ఇక ఆ చలికాలమంతా ఆ ఇద్దరూ శాలువాలు కప్పుకుని ఆ సంచుల పక్కన కూర్చుని కంది కాయలు ఒలిచేవారు, ఒకరి చెల్లెళ్ళ కథలు ఒకరికి చెప్పుకునేవారు. అవ్వ అన్నం అడిగి పెట్టించుకునేది. తలకు నూనె రాయించుకునేది. దుకాణం నుంచి వస్తున్న నాయన సందు మొదట్లో ఆగడం మానేశాడు.

ఆకులు పసుపుపచ్చగా మారాయి. పూర్తిగా వాడిపోయేదాకా ముట్టుకోవద్దని బీబమ్మే శాసనం పెట్టింది. ఆ శాసనాన్ని మీరుతూ దొరికిపోయింది కూడా ఆమే. ఒక పొద్దున నేను ముఖం కడుక్కోవడానికి వస్తే, సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని తడుముతోంది. నన్ను చూసి ఉలిక్కిపడి, "చెప్పకు బిడ్డా, అక్కకు చెప్పకు. ఉన్నయే! పిడికెడంత ఉన్నయే!" అంది గుసగుసగా. లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది: "నాకు తెల్వదా? నిన్న నేను సూడలేదా?"

సంచులు కోసిన రోజు సందులో సగం మగ్గాలు ఆగాయి. అవ్వ ఊరి నుంచి తెచ్చిన కొడవలితో కుట్టు వెంబడి సంచి చీల్చింది. మన్ను బుసబుసా జారింది. దాని వెనక గడ్డలు, పలచటి తోలు మీద తడి మెరుస్తూ, బండల మీద డబడబ దొర్లాయి. పిల్లలం వాటి వెంట పరుగెత్తాం. ఎవరో చప్పట్లు కొట్టారు. బీబమ్మ ఒక గడ్డను కొంగుతో తుడిచి, అవ్వ చేతిలో పెట్టి, "ముబారక్ అక్కా" అంది. అవ్వ దాన్ని కళ్ళకద్దుకుంది. ఆనక ఒడి నింపుకుని, చూడవచ్చిన ప్రతి ఇంటికీ తలా ఇన్ని పంచింది. పంట ఇంటికి చేరాక పంచకుండా ముందు తామే తినడం ఆమెకు తెలియదు. ఆ మధ్యాహ్నం బీబమ్మ మెంతికూర వేసి ఆలూ వండింది, అమ్మ వేడి వేడి జొన్నరొట్టెలు కాల్చింది. మెంతి వేగుతున్న వాసనకు ఆకలి ఆగక రజియా, నేనూ గిన్నె పక్క నుంచి కదలలేదు. అవ్వ కూడా తిన్నది. వాతం మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు వనపర్తిలో మా డాబా మీద నాకూ సంచులున్నాయి. పిడులున్న దళసరి సంచులు, నీళ్ళు వాటంతటవే చుక్క చుక్కా దిగే గొట్టాలు. విత్తన గడ్డలు మంచివి దొరుకుతున్నాయి. మా ఆయన ఫోనులో చూసి ఏ వారం ఏం చేయాలో చదివి వినిపిస్తాడు. పాత రోజులే గొప్పవని నేననను. చిల్లు పెట్టాలని తెలియక ఒక పంట, చలి పడాలని తెలియక ఇంకొక పంట పోగొట్టుకున్నవాళ్ళం మేం. ఈ సంచులు చూస్తే అవ్వ ఎగిరి గంతేసేది. మన్నును కూడా మూటలు కట్టి అమ్ముతున్నారంటే మాత్రం నమ్మేది కాదు. తేడా అల్లా ఒక్కటే కనిపిస్తుంది నాకు. నేను పండించిన గడ్డల ఫోటోను చాలామంది చూస్తారు, బాగుందంటారు. సంచి కోసేటప్పుడు మాత్రం డాబా మీద మేమిద్దరమే ఉంటాం. ఎవరి తప్పూ కాదు, ఎవరి పని వాళ్ళకుంది. అయినా గడ్డలు దొర్లినప్పుడు వెంట పరుగెత్తేవాళ్ళు లేకపోతే, ఆ చప్పుడుకు అంత సంబరం ఉండదు.

అవ్వ గురించి ఇంకొకటి చెప్పాలి. ఆ తర్వాతి ఎండాకాలం నదిలో నీళ్ళు బాగా తగ్గిపోయి మునిగిన పొలాలు బయటపడ్డాయి. ఊరివాళ్ళంతా జాతరకు పోయినట్టు చూడటానికి పోతున్నారని తెలిసింది. నాయనకు అవ్వను తీసుకుపోవాలంటే భయం. చూసి అక్కడే కూలబడుతుందేమో, ఇంతకాలానికి కుదుటపడ్డ మనిషి మళ్ళీ మొదటికొస్తుందేమోనని. అమ్మ కూడా వద్దంది. "నేను తోలుకపోత, మీరు పరేషాన్ గాకుండ్రి" అని బీబమ్మ బయలుదేరదీసింది. ఎవరిదో ట్రాక్టరు దొరికింది. నాయన, బీబమ్మ, అవ్వ, నేను.

పొలమంతా నెర్రెలు విచ్చి, తెల్లటి ఆల్చిప్పలు అంటుకుని ఉంది. హద్దురాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అవ్వ వాటిని చూడగానే గుర్తుపట్టి గబగబా నడిచింది. తన చేను మొదట్లో ఆగింది. వెనక వస్తున్న బీబమ్మ, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుని, అప్పుడు అడుగు లోపల పెట్టింది. ఆ ఎండకు నేల కాలుతున్నా సరే. అవ్వ అది చూసింది. బీబమ్మ చెయ్యి పట్టుకుని చేనంతా తిప్పింది. "ఇగో ఇక్కడ పల్లి. గా వారకు కంది. గీడ కూసోని సద్ది తింటుంటిమి."

"చానా పెద్దగున్నదక్కా నీ చేను" అంది బీబమ్మ.

"పెద్దదే. ఒక్క వాన వడితే మల్ల మునుగుతది." అవ్వ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నలుదిక్కులా ఒకసారి చూసింది. "ఎండెక్కుతుంది, పా" అంది. "ఇంటికాడ డబ్బల మిరపనారు ఎండుతుంటది. పొద్దున నీళ్ళు గూడ వొయ్యలే. ఇంటికి పోదాం."

ఏడ్చింది అవ్వ కాదు, నాయన. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, దుమ్ము పడిందన్నాడు. అవ్వ అప్పటికే ట్రాక్టరు వైపు నడుస్తోంది, మిరపనారుకు నీడ ఎట్లా కట్టాలో చెబుతూ. ఆ మాటలకు తల ఊపుతూ, చెప్పులు ఇంకా చేతిలోనే పట్టుకుని, బీబమ్మ ఆమె పక్కన నడుస్తోంది.